సీసా తాగిన మందు

నా భార్య సరీనాని మా వీధిలో అందరూ గంజాయి ప్రొఫెసర్ అనేవాళ్ళు. ఆవిడ చదివింది రసాయనశాస్త్రం, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది కూడా అదే. అయినా జెరూసలేంలో నా సెలూన్‌కి వచ్చిన ప్రతి మగాడూ, నేను మెడచుట్టూ గుడ్డ కట్టేలోపే అడిగేవాడు: "ఏం బూకో, మీ ఆవిడ ఇంటికి శాంపిల్ ఏమైనా తెస్తుందా?"

నేను కత్తెర వాడి చెవి దగ్గరికి తెచ్చి, "కదలకు" అనేవాణ్ణి.

మేమిద్దరం పుట్టింది బల్గేరియాలో, ప్లోవ్‌దివ్‌లో. యుద్ధమయ్యాక అక్కడి యూదులందరితోపాటు ఓడెక్కి ఇజ్రాయెల్ వచ్చి, యాఫా రేవుపట్నంలో దిగాం. అక్కడ మా ఇళ్ళు ఎదురెదురు. నేను మా మామయ్య దగ్గర జుట్టు కత్తిరించడం నేర్చుకున్నాను, ఆవిడ జెరూసలేం వెళ్ళి చదువుకుంది. తర్వాత నన్ను కూడా అక్కడికే లాక్కెళ్ళింది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఇంటికొచ్చి, తను ఇక మీదట హషీష్ మీద, అంటే గంజాయి బంక మీద, పని చేస్తానని చెప్పింది. వంట ఏం చేయాలో అడిగినంత మామూలుగా చెప్పింది.

"ఏం, దేశంలో ఇంకేం దొరకలేదా?" అన్నాను.

"నల్లమందులోంచి మార్ఫిన్ తీసి నూరేళ్ళు దాటింది. కోకా ఆకులోంచి కొకైన్ తీశారు. ఈ మొక్కని వేల ఏళ్ళ నుంచి జనం పీలుస్తున్నారు, నములుతున్నారు, రోగాలకి వాడుతున్నారు. లోపల ఏముందో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలీదు. నీకు సిగ్గనిపించదూ?"

"నాకెందుకు సిగ్గు? నేను గడ్డాలు గీసేవాణ్ణి."

"నాకు సిగ్గుగా ఉంది" అంది సరీనా. నిజంగానే అంది.

ఆ మాట యాఫాలో మా అత్తగారు ఫోర్తూనా చెవిన పడేసరికి ఇల్లు దద్దరిల్లిపోయింది. "రాత్రింబవళ్ళు కుట్టుమిషన్ తొక్కి చదివించాను కదరా అల్లుడూ, రేవులో కూలీలు పీల్చేదాన్ని వండటానికా?" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కూతురు సెంట్లు తయారుచేస్తోందని వీధంతా చెప్పుకొచ్చింది. పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? మాకూ ఒక సీసా ఇప్పించమన్నారు. ఇక నేను వెళ్ళిన ప్రతిసారీ నా సెలూన్‌లోని కొలోన్ చిన్న సీసాల్లో పోసి పట్టుకెళ్ళాల్సి వచ్చేది. ఆవిడ వాటిని పంచుతూ, "మా అమ్మాయి చేసింది. ఇంకా పరిశోధనలో ఉంది, ఎక్కువ రాసుకోకండి" అని జాగ్రత్తలు కూడా చెప్పేది.

సరీనా పని నేను కొన్నిసార్లు చూశాను. పోలీసులు పట్టుకున్న సరుకు ప్రభుత్వ అనుమతితో విశ్వవిద్యాలయంలో ఆవిడ ప్రయోగాల గదికి చేరేది. నల్లగా, పాత చెప్పు అట్టలా ఉండేది. దాన్ని నానబెట్టి, వడపోసి, నిలువెత్తు గాజు గొట్టంలో తెల్లటి పొడి నింపి పైనుంచి ఆ ద్రావణం పోసేది. అందులో కలిసి ఉన్న పదార్థాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి, రంగు పట్టీల్లా నెమ్మదిగా కిందికి దిగేవి. ఆవిడ స్టూలు మీద కూర్చుని, చేప కోసం గాలం వేసినవాడిలా ఆ గొట్టాన్నే చూస్తుండేది. ఏళ్ళు పట్టింది. చివరికి మత్తు కలిగించే అసలు పదార్థాన్ని స్వచ్ఛంగా విడదీసి, దాని నిర్మాణం ఎలా ఉంటుందో చెప్పిన మొదటివాళ్ళలో ఆవిడ ఒకరు. చూడటానికి పల్చటి తేనెలా ఉండేది. దానికి చెల్లెళ్ళలాంటి పదార్థాలు ఇంకా దొరికాయి. వాటిలో ఒకటి మత్తు తక్కువది, తొందరగా చెడిపోనిది. ఆవిడకి అదంటే ప్రత్యేకమైన ఇష్టం.

"ఇది మంచి పిల్ల" అనేది.

విదేశాల నుంచి మనుషులొచ్చి చేతులు కలిపి వెళ్ళారు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. డాక్టర్లు ఆ మొక్క పేరు వినగానే చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. ఆ మంచి పిల్ల గాజు సీసాలో, ఫ్రిజ్‌లో, దాదాపు ఇరవై ఏళ్ళు కూర్చుంది. సరీనా పాఠాలు చెప్పింది, తల నెరిసింది. నేను రంగు వేస్తానంటే వద్దంది.

మాకు మంగళవారం మధ్యాహ్నాలు దుకాణాలు మూసేస్తారు. ఒక శీతాకాలం, మా ఊరి ఆసుపత్రిలో పిల్లల వార్డు హెడ్ నర్సు బ్రూరియా నా సెలూన్‌కి వచ్చి అడిగింది. కీమో చేయించుకునే పిల్లల జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి దిండ్ల నిండా పడుతోందట, అది చూసి పిల్లలు ఏడుస్తున్నారట, మంగళవారం మధ్యాహ్నాలు వచ్చి నున్నగా తీసి పెడతావా అని. సరే అన్నాను. తల గీయడం నాకేం కష్టం?

తల గీయడం కష్టం కాలేదు. ఆ వాంతులు చూడలేకపోయాను. సెలైన్ సీసా సగం దిగేసరికి మొదలయ్యేవి. కడుపులో ఏమీ మిగలకపోయినా ఆగేవి కావు. హెమ్దా అని ఒక పిల్ల ఉండేది, పదేళ్ళది, మా ఊళ్ళోనే కాటమోన్ పేట వైపు, కుర్దిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళ పిల్ల. నోరు గడుసుది. "అంకుల్, మీ బట్టతల మీరే గీసుకున్నారా?" అని అడిగింది మొదటి రోజే. ఆ పిల్ల కూడా మందెక్కే రోజున గోడవైపు తిరిగి పడుకునేది, పలికేది కాదు. వాళ్ళమ్మ నజీమా బజార్లో ఊరగాయల కొట్టు నడుపుతుంది. గిన్నె పట్టుకుని మంచం పక్కనే ఉండేది. మూడో మంగళవారం నజీమా నాతో, "పిల్ల ఇక మందు వద్దంటోంది బూకో. చచ్చిపోతాను గానీ అది ఎక్కించుకోనంటోంది. పదేళ్ళ పిల్ల. ఏం చెప్పను?" అంది.

ఆ రోజు ఇంటికెళ్ళి భోజనం దగ్గర కూర్చున్నాను, తినలేకపోయాను.

"నీ మొక్క పీల్చేవాళ్ళకి ఆకలేస్తుందంటారు, నిజమేనా?" అన్నాను.

"నిజమే. వికారం కూడా తగ్గుతుంది. ఆ సంగతి ఎప్పుడో రాశాను."

"రాశావు సరే. ఎవరికి ఇచ్చావు?"

సరీనా చెంచా కింద పెట్టింది. నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఎవరూ అడగలేదు" అంది.

"నేను అడుగుతున్నాను."

వార్డు పెద్ద డాక్టర్ లోవెన్‌టాల్. జర్మనీ నుంచి వచ్చిన మనిషి, చొక్కా పై గుండీ కూడా విప్పడు, ఎండాకాలంలో కూడా. ఆయన సరీనా చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీరు నన్ను పిల్లలకి హషీష్ ఇవ్వమంటున్నారు" అన్నాడు.

"హషీష్ కాదు డాక్టర్ గారూ. అందులోంచి తీసిన ఒకే ఒక్క పదార్థం. మత్తు ఎక్కనంత కొద్దిగా, నాలుక మీద కొన్ని చుక్కలు."

"పనిచేయకపోతే?"

"ఆపేస్తాం."

"పనిచేస్తే నా పేరు పేపర్లో ఏమని పడుతుందో ఊహించుకున్నారా?" అన్నాడాయన. అని వార్డు వైపు చూశాడు. అప్పుడే ఎవరో పిల్లవాడు వాంతి చేసుకుంటున్నాడు. "అనుమతి కాగితాలు తెప్పించండి. సంతకం నేను పెడతాను" అన్నాడు.

అనుమతి రావడానికి చలికాలం సగం గడిచింది. సరీనా తన ఫ్రిజ్‌లోని ఆ మంచి పిల్లని నీళ్ళలో, కాస్త ఆల్కహాలుతో ఎలాగో కలిపి, చిన్న గాజు సీసాల్లో పోసి తెచ్చింది. నూనెలో అయితే పిల్లలు ఉమ్మేస్తారని అలా చేసింది. మొదటి వారం నేను అక్కడే ఉన్నాను. హెమ్దాకి సెలైన్ పెట్టేముందు చుక్కలు వేశారు. సగం సీసా దిగింది. మొత్తం దిగింది. ఆ పిల్ల లేచి కూర్చుని పక్క మంచం వాడితో పేకాట మొదలుపెట్టింది, మోసం చేసి మరీ గెలిచింది. నజీమా వచ్చి సరీనా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మిగతా పిల్లలకీ అంతే. ఆ వారమంతా వార్డులో గిన్నెలు కడగాల్సిన పని పడలేదని బ్రూరియా చెప్పింది.

ఆ తర్వాత ఒక గాజు సీసా కిందపడి పగిలి, ఒక పిల్లవాడి పాదం తెగింది. చిన్న గాయమే. అయినా పిల్లల వార్డులో గాజు ఎందుకని, మందుని మెత్తటి ప్లాస్టిక్ చుక్కల సీసాల్లోకి మార్చారు. సరీనాని అడిగే మార్చారు. ఆవిడా సరేనంది. ఎవరైనా సరేనంటారు.

రెండు వారాలకి వాంతులు మళ్ళీ మొదలయ్యాయి.

మొదట ఒక పిల్లకి, తర్వాత అందరికీ. చుక్కలు పెంచారు. ఏమీ మారలేదు. సరీనా రోజూ ఆసుపత్రికి వెళ్ళి మంచాల మధ్య నిలబడి చూసేది. ఒకరోజు నజీమా అందరి ముందూ ఆవిడని నిలదీసింది.

"ప్రొఫెసరమ్మా, నేను బజార్లో కూర్చునేదాన్ని. మొదటి గిరాకీకి మంచి సరుకు చూపించి, తర్వాత ఉప్పునీళ్ళు పోసి అమ్మేవాళ్ళని రోజూ చూస్తాను. మీరూ అంతేనా?"

"నజీమా, నేను ఒక్క చుక్క కూడా పల్చన చేయలేదు" అంది సరీనా.

"మరి నా పిల్లకి ఎందుకిలా అవుతోంది?"

నజీమా చుక్కల సీసా బల్ల మీద పడేసి గిన్నె అందుకుంది.

లోవెన్‌టాల్ మంచివాడే, అరవలేదు. వరండాలోకి తీసుకెళ్ళి మెల్లిగా చెప్పాడు. మొదటి వారం ఫలితం తల్లుల ఆశ వల్ల వచ్చినదై ఉండొచ్చన్నాడు. పనిచేయని మందు, అందులోనూ ఆ పేరున్న మందు, పిల్లలకి ఇస్తూ పోలేనన్నాడు. మాకు వారం మొదలయ్యే ఆదివారం పొద్దున సమావేశంలో ఆపేద్దామన్నాడు.

ఇంటికొచ్చాక సరీనా కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది. "నేను ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నానేమో బూకో" అంది. "అది మంచి పిల్ల కాదేమో. ఏమీ చేతకానిదేమో."

"ఆ వారం హెమ్దా పేకాటలో మోసం చేయడం నా కళ్ళతో చూశాను" అన్నాను. "ఆశతో ఎవరైనా బతుకుతారు గానీ, మోసం చేయాలంటే ఒంట్లో బాగుండాలి."

ఆవిడ నవ్వలేదు. కానీ నా మొహంలోకి చూసింది. "రేపు సెలూన్ తెరిచేముందు వార్డుకి వెళ్ళి వాళ్ళు వాడుతున్న సీసా ఒకటి పట్టుకురా. కొత్తది వద్దు. వాడుతున్నది, అడుగున కాస్త మిగిలినది" అంది.

శుక్రవారం నా కొట్టుకి పండగరోజులాంటిది, శనివారపు విశ్రాంతి దినం ముందు ఊరంతా గడ్డం గీయించుకుంటుంది. అయినా పొద్దున్నే వెళ్ళి బ్రూరియాని బతిమాలి ఒక సీసా తీసుకుని సరీనా గదికి వెళ్ళాను. ఇచ్చేసి పోబోతే నన్ను ఆపింది.

"ఇక్కడే కూర్చో. నేను ఏడిస్తే చూడటానికి ఒక మనిషి ఉండాలి."

కూర్చున్నాను. ఆవిడ ముందు ఫ్రిజ్‌లోంచి తన గాజు సీసా తీసింది, ఆ మందు చుక్క ఒక పరీక్ష గొట్టంలో వేసి, ఇంకేవో రెండు ద్రావణాలు కలిపింది. చూస్తుండగానే వంకాయ రంగు తిరిగింది. ఆ పదార్థం ఉంటే ఆ రంగు వస్తుందట. ఉంది, చెడిపోలేదు. తర్వాత నేను తెచ్చిన ప్లాస్టిక్ సీసాలోని మందు వేసి అదే చేసింది. ఇద్దరం ఎదురుచూశాం. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. కళ్ళు చికిలించి చూస్తే ఎక్కడో ఊదా రంగు ఛాయ.

"ఎవరో నీళ్ళు కలిపారు" అన్నాను. నాకు వెంటనే కోపం వచ్చింది.

"ఆసుపత్రిలో ఎవరికేం లాభం?" అంది. కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. ఎండ తగిలిందా, వేడి తగిలిందా అని తనలో తనే అనుకుంది. శీతాకాలంలో మా ఊళ్ళో ఎండా వేడీ ఎక్కడివి? తర్వాత, ఇంకేం చేయాలో తోచనివాళ్ళు గిన్నెలు తోముకున్నట్టు, బల్ల మీద ఉన్నవన్నీ కడగడం మొదలుపెట్టింది. గాజు గొట్టాలు ఆల్కహాలుతో కడిగింది. ప్లాస్టిక్ సీసాలో మిగిలింది పారబోసి, దాంట్లోనూ కాస్త ఆల్కహాలు పోసి ఊపింది. పారబోయడానికి చెయ్యి ఎత్తి, ఆగిపోయింది.

అలా చాలాసేపు చెయ్యి గాల్లోనే ఉంచి నిలబడింది. నేను పిలవబోయి మానేశాను.

మెల్లిగా ఆ కడిగిన ఆల్కహాలుని గొట్టంలో పోసి, ఆ రెండు ద్రావణాలూ కలిపింది.

ముదురు వంకాయ రంగు వచ్చింది. నల్లగా కనిపించేంత ముదురు.

సరీనా స్టూలు మీద కూలబడి పెద్దగా నవ్వింది. ఏడుపేమో అనుకుని నేను పరిగెత్తాను. నవ్వే. "సీసా తాగేసింది బూకో! మందంతా సీసా తాగేసింది!"

"సీసా ఎలా తాగుతుంది?"

"ఈ పదార్థానికి నీళ్ళంటే గిట్టదు. జిడ్డు జాతిది. బలవంతాన నీళ్ళలో కూర్చోబెట్టాను. ప్లాస్టిక్ దొరికేసరికి, అదీ జిడ్డు చుట్టమే కదా, పోయి దాన్ని అంటుకుంది. గోడలోకి ఇంకిపోయింది. పిల్లల నోట్లో పడింది ఉత్త నీళ్ళు." ఆ సీసాని నా మొహం ముందు ఆడించింది. "నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని! ఇది ఎవరికి తట్టాలి? మీ అత్తగారికి తట్టాలా? నాకు తట్టాలి."

తనని తాను అంత తిట్టుకుంటూ అంత సంతోషంగా ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

దారి కూడా వెంటనే చెప్పింది. నీళ్ళలో వద్దు, నూనెలో ఉంచాలి. తనవాళ్ళ మధ్య ఉంటే ఎక్కడికీ పోదు. పిల్లలు ఉమ్మేస్తే రొట్టెముక్క మీద వేసి ఇవ్వాలి. సీసాలు మళ్ళీ గాజువే, పగిలినా చెల్లాచెదురు కాకుండా చుట్టూ గుడ్డ తొడుగు కుట్టాలి. మంచి ఆలివ్ నూనె, మూత తీయని డబ్బా, బజారు మూసేలోపు తెమ్మని నన్ను తరిమింది. శుక్రవారం మధ్యాహ్నం ఆ బజార్లో మోచేతులతో దారి చేసుకుంటూ వెళ్ళి తెచ్చాను. నా కొట్టు ముందు జనం నన్ను తిట్టుకుంటూ గడ్డాలతోనే విశ్రాంతి దినంలోకి వెళ్ళిపోయారు.

శనివారం బస్సులుండవు. వానలో నడిచి వెళ్ళి, విశ్వవిద్యాలయం ఖాళీ భవనంలో కావలివాడి చేత తలుపు తీయించుకుని, సరీనా నూనెలో కలిపిన మందుని మళ్ళీ పరీక్షించింది. ప్లాస్టిక్ సీసాలో కూడా పోసి ఉంచి చూసింది, ఎంత పట్టుకుంటుందో తెలుసుకోవాలని. నూనె తన చుట్టాన్ని వదల్లేదు. రంగు అలాగే వచ్చింది.

ఆదివారం పొద్దున సమావేశానికి ముందే ఆవిడ లోవెన్‌టాల్‌ని వార్డు సింకు దగ్గరికి లాక్కెళ్ళింది. గొట్టాలన్నీ వరసగా పెట్టి ఆయన కళ్ళముందే చేసి చూపించింది. ఆయన వంగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ వంకాయ రంగుని చాలాసేపు చూశాడు.

"అంటే" అన్నాడు చివరికి, "ఇన్ని రోజులూ నేను వికారం తగ్గించింది నా సీసాలకన్నమాట."

ఆ మనిషి జోక్ వేయడం బ్రూరియా తన సర్వీసులో అదే మొదటిసారి వినడమట. ఆ తర్వాత ఆయన సమావేశం రద్దు చేయమన్నాడు.

కానీ నజీమా ఒప్పుకోలేదు. ఆ రోజు హెమ్దాకి కీమో ఉంది. నజీమా మంచానికి అడ్డంగా నిలబడి, "ఇక చాలు. నా పిల్ల మీద ఆటలు చాలు" అంది.

సరీనా ఆవిడ ముందు నిలబడింది. "నజీమా, నేను మిమ్మల్ని మోసం చేయలేదు. కానీ తప్పు నాదే. మందు సీసాకి అంటుకుపోయింది, అది నేను ముందే చూసుకోవాల్సింది. మీ పిల్ల నా అజాగ్రత్త వల్ల బాధపడింది. ఇప్పుడు సరిచేశాను. మీరు వద్దంటే వెళ్ళిపోతాను, ఏమీ అనుకోను."

అలా తప్పు ఒప్పుకునే పెద్ద చదువులవాళ్ళని నజీమా చూసి ఉండదు. చెయ్యి చాపి గాజు సీసా తీసుకుని, మూత తీసి, వాసన చూసింది.

"ఇది ఆలివ్ నూనె."

"అవును."

"ఎవరి కొట్లోది?"

ఆ సంగతి సరీనాకి తెలీదు, నా వైపు చూసింది. నేను బజారు మూలమీది ఎర్ర తలుపు కొట్టు అని చెప్పాను.

"వాడి దగ్గరా!" అని నజీమా నెత్తి కొట్టుకుంది. "డబ్బాలో కొన్నావా, విడిగా కొన్నావా?"

"డబ్బాలోనే. మూత తీయనిది."

"డబ్బా అయితే సరే. విడిగా అయితే వాడి దగ్గర నూనె తప్ప అన్నీ ఉంటాయి. పైగా నన్నడిగితే ఊరికే ఇచ్చేదాన్ని కదయ్యా!" అని నన్ను తిట్టి, మంచం ముందు నుంచి పక్కకి జరిగింది.

రొట్టెముక్క మీద చుక్కలు వేశారు. హెమ్దా నమిలి మొహం అదోలా పెట్టింది, ఉమ్మలేదు. సెలైన్ పెట్టారు. మేమందరం చుట్టూ కూర్చున్నాం. నజీమా ఒడిలో గిన్నె. లోవెన్‌టాల్ పక్క మంచం దగ్గర ఏదో పని ఉన్నట్టు నిలబడి, ఏ పనీ చేయలేదు. సరీనా గోడకి ఆనుకుని, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, ఆ గాజు గొట్టాల్లో రంగుల్ని చూసినట్టే సెలైన్ సీసాని చూస్తోంది. సగానికి దిగింది. నజీమా గిన్నె కాస్త పైకెత్తింది. ఎప్పుడూ మొదలయ్యే వేళ అది.

"ఎందుకందరూ నా మొహమే చూస్తున్నారు?" అంది హెమ్దా విసుగ్గా. "సినిమానా?"

ఆ పిల్ల కళ్ళు నజీమా కాళ్ళ దగ్గరున్న సంచి మీద పడ్డాయి.

"అమ్మా, ఆ సంచిలో ఏముంది?"

"నా భోజనం" అంది నజీమా. "కుబ్బే. బీట్‌రూట్ పులుసులో."

"నాకు పెట్టు."

నజీమా కదల్లేదు. విన్నది నిజమో కాదో తేల్చుకోలేక డాక్టర్ వైపు చూసింది. లోవెన్‌టాల్ "పెట్టండి, పెట్టండి" అన్నాడు. నజీమా టిఫిన్ డబ్బా మూత తీసింది. ఆ పులుపు వాసన మంచం చుట్టూ వ్యాపించింది. ఇంతకుముందు అలాంటి వాసనకే హెమ్దా గోడవైపు తిరిగేది. ఇప్పుడు చెంచా లాక్కుని, ఆ రవ్వ ముద్దని రెండు ముక్కలు చేసి, లోపలి మాంసం ముందు తిని, తర్వాత పైది తిని, పులుసు తాగింది. రెండోది తింది. మూడోదానికి చెంచా పెడుతుంటే బ్రూరియా, "మెల్లిగా తల్లీ, మెల్లిగా" అంది.

"ఉప్పు తక్కువైంది" అంది హెమ్దా.

నజీమా అప్పుడు ఏడ్చింది. గిన్నె మంచం కిందికి తోసేసి, కొంగులాంటి తలగుడ్డతో మొహం కప్పుకుని, గట్టిగా ఏడ్చింది. "ఉప్పు తక్కువైందట, విన్నారా? నా వంటకి వంక పెడుతోంది, విన్నారా?" అని అందరికీ చెప్పింది. లోవెన్‌టాల్ కిటికీ వైపు తిరిగి, నేనెప్పుడూ చూడని పని చేశాడు. చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

ఆ వార్డులో ఆ మందు ఆ తర్వాత చాలా ఏళ్ళు వాడారు. అది జబ్బుని నయం చేయదు, సరీనా ఎవరికీ అలా చెప్పనివ్వలేదు. కొంతమంది పిల్లల్ని మేం పోగొట్టుకున్నాం. కానీ వాళ్ళు కూడా ఆఖరు వరకూ తమకిష్టమైంది తిన్నారు. హెమ్దా చికిత్స మరుసటి వేసవికి ముగిసింది. ఇప్పుడు తనకిద్దరు పిల్లలు, ఇద్దరికీ నోరు గడుసే. సరీనాకి తర్వాత బహుమానాలొచ్చాయి, పతకాలొచ్చాయి, అవన్నీ ఎక్కడో అలమరలో ఉన్నాయి. గంజాయి ప్రొఫెసర్ అనే పేరు మాత్రం పోలేదు.

ఆ ఆదివారం సాయంత్రం నేను, ఎలాగూ వచ్చాను కదా అని, వార్డులో మిగిలిన తలలు గీసి బయటికొచ్చేసరికి సరీనా కనిపించలేదు. వెతికితే ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. వాన ఆగింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, దేన్నీ చూడకుండా చూస్తోంది. పక్కన కూర్చున్నాను.

"అలిసిపోయావా?"

"లేదు. ఊపిరి వదులుతున్నాను."

వెనకనుంచి తలుపు తోసుకుని నజీమా వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా. "పడుకుంది" అంది. "నీరసంతో కాదు ప్రొఫెసరమ్మా, కడుపు నిండి పడుకుంది. గురక కూడా పెడుతోంది." మాకు పై మెట్టు మీద కూర్చుని డబ్బా తెరిచి, ఒకే చెంచా ఉందని నొచ్చుకుని, దాన్ని సరీనా చేతిలో పెట్టింది.

సరీనా పొద్దుటినుంచి ఏమీ తినలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. ఇంకోటి తీసుకుంది. నాకు కూడా మిగులుస్తుందేమోనని చూశాను. మిగల్చలేదు.